స్కూటర్ని నడిరోడ్డు మీద ఆపేసిన చిప్పు: ఫోన్లు, ఫ్యాన్లు, కరెంటు బండ్ల లోపలి సంగతులు

పెన్నాగట్టు (నెల్లూరు), ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను చిప్పుల పిచ్చోడినని ఇక్కడ పాతవాళ్లకి తెలుసు. కొత్త ఫోన్ ఏది వచ్చినా ముందు దాంట్లో ప్రాసెసర్ ఏంది, ఎన్ని నానోమీటర్లది (అంకె తగ్గేకొద్దీ కొత్త టెక్నాలజీ) అని చూస్తా. కానీ మొన్న జరిగిన దాంతో నా ఆలోచన కొంచెం మారింది. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

మే మూడో వారం, మధ్యాహ్నం రెండున్నర. కోవూరు నుంచి వస్తూ పెన్నా బ్రిడ్జి దాటి రెండు నిమిషాలైందో లేదో, నా కరెంటు స్కూటర్ ఒక్క కుదుపుతో ఆగిపోయింది. డిస్‌ప్లేలో ఛార్జింగ్ 61 శాతం చూపిస్తానే ఉంది. పక్కకి నెడదామంటే వెనక చక్రం ఫ్రీగా తిరగలేదు. ఆగి ఆగి, ఎవరో లోపలి నుంచి పట్టుకుని వదులుతున్నట్టు తిరిగింది. బ్రేక్ పట్టేసిందనుకున్నా. కాదు.

సర్వీస్ సెంటర్లో చూసి కంట్రోలర్ (బ్యాటరీ కరెంటుని మోటారుకి పంపే పెట్టె) పోయిందన్నారు. మొత్తం యూనిట్ మార్చాలి, 14 వేలు, సరుకు వచ్చేసరికి మూడు వారాలు. వారంటీ అయిపోయి రెండు నెలలైంది. టెన్షన్ పడి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రోజూ 35 కిలోమీటర్లు తిరిగే బండి అది.

స్టోన్‌హౌస్‌పేటలో ఒకప్పుడు టీవీలు బాగు చేసిన పెద్దాయన దగ్గరికి తీసుకుపోయా. ఆయన కంట్రోలర్ మూత విప్పి, లోపల పోసిన నల్లటి రబ్బరు లాంటి జిగురుని చిన్న స్క్రూడ్రైవర్‌తో గంటన్నర గీకాడు. కింద బోర్డు నా అరచేయంత ఉంది. అల్యూమినియం పట్టీకి అంటుకుని వరసగా 12 మాస్‌ఫెట్లు, అంటే మోటారుకి కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు లాంటి చిప్పులు, మూడేసి కాళ్లతో. ఒక్కోదాని మీద మల్టీమీటర్ పుల్లలు పెడుతూ పోయాడు. ఏడో దాని దగ్గర మీటర్ కుయ్యిమని మోగింది, ఎనిమిదో దాని దగ్గరా మోగింది. ఆ రెండూ షార్ట్ అయ్యాయి. మోటారు తీగలు లోపల ఒకదానికొకటి కలిసిపోయి చక్రాన్ని పట్టేసినయ్యంట. ఆ వరసలో నాలుగూ మార్చి, పైన సిలికాన్ పూసి, 1,600 తీసుకున్నాడు. బండి నడుస్తా ఉంది.

ఇప్పుడు నా మాట. మనం 3 నానోమీటర్లు, 2 నానోమీటర్లు అని మాట్లాడుకుంటాం. అసలు ఆ అంకె ఇప్పుడు ఆ తరానికి పెట్టిన పేరే గానీ, లోపలి కొలతలతో దానికి నేరుగా సంబంధం లేదు. ఆ చిప్పు ఫోన్లో ఉంటుంది. ఫ్యాను, ఇన్వర్టర్ ఏసీ, ఇండక్షన్ పొయ్యి, స్కూటర్, రొయ్యల గుంట దగ్గర స్టార్టర్, ఇవన్నీ నడిపించేవి వేరే చిప్పులు. మోటుగా ఉంటాయి, టెక్నాలజీ పాతది, ధర పదుల్లోనో వందల్లోనో ఉంటుంది. వాటి గురించి ఎవరూ రివ్యూ చేయరు. వస్తువు కొనేటప్పుడు మనం చూడాల్సింది ముందు వాటినే. అవి పోతే మన ఊళ్లో బాగు చేయించుకోగలమా అని అడిగి కొనాలి.

మనం మిద్దె ఎక్కి చూసే శ్రీహరికోట రాకెట్ సంగతి తెలుసుకోండి. ఇస్రో 2009 నుంచి రాకెట్లలో వాడుతున్నది విక్రమ్ 1601 అనే 16 బిట్ ప్రాసెసర్. దాని తర్వాతది, 32 బిట్ విక్రమ్ 3201, 2025లో బయటపెట్టారు. మొహాలీలోని సెమీకండక్టర్ ల్యాబ్‌లో 180 నానోమీటర్ల టెక్నాలజీతో చేశారు. ఆ అంకె ఫోన్ ప్రకటనలో కనిపిస్తే ఎవరూ కొనరు. మైనస్ 55 డిగ్రీల నుంచి 125 డిగ్రీల దాకా పని చేయాలి, అదీ దాని గొప్ప.

మీ అనుభవాలు చెప్పండి.


కావలి_ఈసీఈ, ఆదివారం రాత్రి 9:48

అన్నా, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మాస్‌ఫెట్ గురించి పరీక్షలో మూడుసార్లు రాశాను, పదికి ఎనిమిది వచ్చాయి. కానీ అది పోతే చక్రం పట్టేస్తుందని ఇప్పుడే తెలిసింది. పాత నాలుగు మాస్‌ఫెట్లు మీ దగ్గరే ఉన్నాయా? పారేయబాకండి అన్నా. బుధవారం నెల్లూరు వస్తున్నా, తీసుకుంటా.


హైవే_పదహారు (ఒంగోలు), ఆదివారం రాత్రి 10:30

పెన్నాగట్టు గారూ, మీ బండి బాగుపడినందుకు సంతోషం. కానీ ఈ సలహాని అందరికీ ఇవ్వడం ప్రమాదం అనిపిస్తోంది. నేను రెండేళ్లుగా ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నా, ఒంగోలు నుంచి చెన్నై నెలకి రెండుసార్లు. సీల్ చేసిన వస్తువుని విప్పితే నీళ్లు పోకుండా ఇచ్చిన రక్షణ పోతుంది. 2022 ఎండాకాలంలో దేశమంతా స్కూటర్లు ఎట్లా తగలబడ్డాయో అప్పుడే మర్చిపోయామా? ఆ తర్వాతే కదా బ్యాటరీలకి ఏఐఎస్ 156 అనే భద్రతా నిబంధనలు గట్టిగా సవరించి, 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి ఇంకో దశ అమలు చేసింది. ఒక సెల్ వేడెక్కితే పక్క సెల్‌కి మంట పాకకూడదు, నడిపేవాడికి హెచ్చరిక రావాలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. స్క్రూడ్రైవర్ పట్టుకున్న ప్రతి ఒక్కరూ ఇది చేయలేరు.


పెన్నాగట్టు (నెల్లూరు), ఆదివారం రాత్రి 10:52

హైవే గారూ, బ్యాటరీ విషయంలో మీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తా. బ్యాటరీ డబ్బా మూత మీద బయట ఎవరూ చెయ్యి వేయకూడదు. సెల్ మార్చిస్తా, కెపాసిటీ పెంచుతా అనేవాళ్ల దగ్గరికి అసలు పోబాకండి. నేను చెప్పేది కంట్రోలర్, ఛార్జర్ లాంటి బోర్డుల గురించి. బ్యాటరీ కనెక్టర్ పీకేసిన తర్వాత కంట్రోలర్లో మిగిలేది కెపాసిటర్లలో (ఛార్జిని కాసేపు దాచుకునే భాగాలు) ఉన్న ఛార్జి. దాన్ని దించాక అది ఒక మామూలు బోర్డే. దానికి 14 వేలు, మూడు వారాలు అంటే నాకు న్యాయం అనిపించలేదు.

కేంద్రం 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. వాహనాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వ్యవసాయ పరికరాలు అందులో ఉన్నాయి. విడిభాగాలు, సర్వీస్ వివరాలు కంపెనీలు అక్కడ ఇవ్వాలన్నది ఉద్దేశం. కొనేముందు ఒకసారి చూడండి.


గుంటలకాపలా (విడవలూరు), సోమవారం ఉదయం 5:40

నేను రొయ్యల గుంట దగ్గర నుంచే రాస్తున్నా. చదువుకున్నోళ్ల మాటల్లో దూరుతున్నా, తప్పుగా అనుకోబాకండి.

మా గుంటల మీద నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లకి మొబైల్ స్టార్టర్లు పెట్టుకున్నాం. చిన్న బోర్డు, ఒక సిమ్ము. కరెంటు పోతే ఫోన్ కొడుతుంది, వస్తే దానంతట అదే మోటార్లు ఆన్ చేస్తుంది. పోయినేడాది ఒక రాత్రి ఫోన్ రాలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చూస్తే ఏరియేటర్లన్నీ ఆగి ఉన్నాయి, టార్చి వేస్తే రొయ్యలు పైకి తేలి గట్టు పక్కకి చేరతా ఉన్నాయి. ఆ టైములోనే నీళ్లలో ఆక్సిజన్ మరీ తక్కువ ఉంటది. జనరేటర్ వేసి, ఆక్సిజన్ బిళ్లలు చల్లి సగం కాపాడుకున్నా. సగం పోయాయి.

పొద్దున బోర్డు విప్పితే అంతా బాగానే ఉంది. సిమ్ము పెట్టే చోట ఆ పసుప్పచ్చ రేకుల మీద ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. సముద్రపు గాలి. దానివల్ల సిమ్ము ఆడలేదు. ఇంత ఖరీదైన పంట అంత చిన్న చిలుము మీద ఆధారపడి ఉందని ఆ రోజు తెలిసింది నాకు. ఇప్పుడు నెలకోసారి విప్పి, సెల్‌ఫోన్ షాపులో వాడే స్పిరిట్‌తో తుడుస్తున్నా. డబ్బా కింద తీగలు వచ్చే బొక్క మూశా. ఇంకేమైనా మార్గం ఉందా?


సోల్డర్_అన్న (ఒంగోలు), సోమవారం మధ్యాహ్నం 1:15

కాపలా అన్నా, మీరు తప్పుగా దూరలేదు. ఇక్కడ అందరికన్నా పెద్ద నష్టం చూసింది మీరే.

నేను 22 ఏళ్ల నుంచి బోర్డులు బాగు చేస్తున్నా. కొత్తపట్నం, సింగరాయకొండ వైపు నుంచి వచ్చే బోర్డు, మార్కాపురం వైపు నుంచి వచ్చే బోర్డు మూత తీయగానే తేడా తెలిసిపోతుంది. తీరం బోర్డుకి చిలుము, మెట్ట బోర్డుకి దుమ్ము, ఎండిపోయిన కెపాసిటర్లు. చిప్పు ఎంత మంచిదైనా దాని కాళ్లు, చుట్టూ ఉన్న రాగి గీతలు ఉప్పు గాలికి నిలబడాలి. దానికి కన్ఫార్మల్ కోటింగ్ అని పూత ఉంటుంది, పారదర్శకంగా నెయిల్ పాలిష్ లాగా. బోర్డుని శుభ్రంగా తుడిచి, బాగా ఆరనిచ్చి పూయాలి. సిమ్ము స్లాటు మీద, కనెక్టర్ల లోపల మాత్రం పడనివ్వకండి, పడితే తగలాల్సిన చోట తగలదు. అక్కడ తేమ తగలకుండా పూసే డైఎలక్ట్రిక్ గ్రీజు కొంచెం చాలు. డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచి ఒకటి వేసి రెండు నెలలకోసారి మార్చండి. తీగలు డబ్బాలోకి పై నుంచి కాకుండా కింద నుంచి రావాలి, కొంచెం వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి. అప్పుడు వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

ఒక ముఖ్యమైన మాట. ఒకే ఒక్క ఫోన్ కాల్‌ని నమ్ముకోకండి. కరెంటు పోతే బ్యాటరీ మీద మోగే సైరన్ ఒకటి షెడ్డులో పెట్టుకోండి. దానికి చిప్పు కూడా అక్కర్లేదు, ఒక రిలే (కరెంటుతో పని చేసే స్విచ్చు) చాలు.


కనిగిరి_టీచరమ్మ, సోమవారం సాయంత్రం 6:05

చాలా మంచి చర్చ. మా ఇంట్లో నాలుగు ఫ్యాన్లూ బీఎల్‌డీసీవి (లోపల చిప్పు బోర్డుతో తక్కువ కరెంటుకే తిరిగేవి) వేయించాం. పాత ఫ్యాన్ 75 వాట్లు లాగితే ఇది 30 లోపే. రోజుకి 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద నెలకి 16 యూనిట్ల దాకా మిగిలింది, బిల్లులో తేడా కనిపించింది. కానీ రెండో ఏడాది ఒక ఫ్యాన్ ఆగింది. బోర్డు ఒంగోలు నుంచి రావాలన్నారు. మాకు ఒంగోలు అంటే 80 కిలోమీటర్లు. పాత ఫ్యాన్ అయితే వీధి చివర అబ్బాయి కండెన్సర్ మార్చి 80 రూపాయలు తీసుకునేవాడు.

ఇప్పుడు స్కూల్‌కి పోయి రావడానికి కరెంటు స్కూటర్ కొనాలనుకుంటున్నా, రోజుకి 44 కిలోమీటర్లు. రెండు రకాల బ్యాటరీలు చెబుతున్నారు, ఎన్ఎంసీ అంట, ఎల్ఎఫ్‌పీ అంట. మా ఎండలకి ఏది మంచిదో చెప్పండి. ప్రకటనలో 120 కిలోమీటర్లు అంటే నిజంగా ఎంత వస్తుంది?


సోల్డర్_అన్న (ఒంగోలు), సోమవారం రాత్రి 8:20

టీచరమ్మ గారూ, కనిగిరి ఎండలకి నేనైతే ఎల్ఎఫ్‌పీ వైపే మొగ్గుతా. ఇనుము, ఫాస్ఫేట్ ఉన్న సెల్ అది, ఒక్కో సెల్ 3.2 వోల్టులు. వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది, ఎక్కువసార్లు ఛార్జి చేసుకోవచ్చు. అదే కెపాసిటీకి బరువు మాత్రం ఎక్కువ. ఎన్ఎంసీలో నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉంటాయి, సెల్ 3.6 వోల్టుల పైన. తక్కువ బరువులో ఎక్కువ దూరం వస్తుంది, వేడి విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి.

ఎల్ఎఫ్‌పీతో ఒక చిన్న చిక్కు ఉంది. అది 80 శాతం దగ్గరున్నా 40 శాతం దగ్గరున్నా వోల్టేజీ దాదాపు ఒకటే. అందుకని ఎంత మిగిలిందో లెక్కగట్టే బీఎంఎస్ చిప్పు కొన్నాళ్లకి తప్పు చూపించొచ్చు. వారానికోసారి 100 దాకా ఎక్కిస్తే లెక్క సరిచేసుకుంటుంది. ఎన్ఎంసీ అయితే రోజూ 100 చేసి ఎండలో నిలబెట్టకండి, 80 నుంచి 90 మధ్యలో ఆపేస్తే మంచిది. ఏదైనా సరే, ఎండలో నడిపి రాగానే ఛార్జింగ్ పెట్టకండి. అరగంట నీడలో ఉంచి అప్పుడు పెట్టండి.

దూరం సంగతి ప్రకటన మీద కాకుండా కెపాసిటీ మీద లెక్కేయండి. మామూలుగా నడిపితే స్కూటర్ కిలోమీటరుకి 30 నుంచి 35 వాట్ అవర్లు తింటుంది. 3 కిలోవాట్ అవర్ల (3 యూనిట్ల) బ్యాటరీ అంటే 85 నుంచి 100 కిలోమీటర్లు. మీ 44కి ఇబ్బంది లేదు, నాలుగైదేళ్ల తర్వాత బ్యాటరీ కొంచెం తగ్గినా సరిపోతుంది.


పెన్నాగట్టు (నెల్లూరు), సోమవారం రాత్రి 8:55

ఖర్చు లెక్క నేను చెబుతా, మూడేళ్లుగా నోట్ బుక్కులో రాస్తున్నా. ఖాళీ నుంచి నిండడానికి ఛార్జర్లో పోయే వేడితో కలిపి మూడున్నర యూనిట్లు. మా ఇంటి వాడకం 126 నుంచి 225 స్లాబులో ఉంటే యూనిట్ 6 రూపాయలు, అంటే 21 రూపాయలకి 90 కిలోమీటర్లు. పెట్రోలు బండికి అదే దూరం 200 దాటుతుంది. కానీ చూసుకోండి, రోజూ 44 కిలోమీటర్లు తిరిగితే స్కూటర్ నెలకి 50 యూనిట్ల దాకా తింటుంది. దానివల్ల 225 దాటితే ఆ పైన యూనిట్లకి 8.75 పడుతుంది. పైగా సర్దుబాటు ఛార్జీలు వేరు. బీఎల్‌డీసీ ఫ్యాన్లతో మీరు మిగిల్చిన యూనిట్లు స్కూటర్‌కి సరిపోతాయి టీచరమ్మ గారూ, నాకు ఇది చాలా నచ్చింది. అసలు రెండిటి లోపలా ఉన్నది ఒకే పద్ధతి. ఫ్యాన్‌లో, స్కూటర్లో మూడు ఫేజుల మోటారు, ఫేజుకి రెండు స్విచ్చుల చొప్పున ఆరు స్విచ్చుల వరస, వాటిని ఎప్పుడు ఆన్ చేయాలో చెప్పే ఒక మైక్రోకంట్రోలర్. కొన్ని ఫ్యాన్లలో ఆరూ ఒకే చిప్పులో ఇముడుతాయి. నా స్కూటర్లో కరెంటు ఎక్కువ కాబట్టి స్విచ్చుకి రెండు మాస్‌ఫెట్లు.


హైవే_పదహారు (ఒంగోలు), సోమవారం రాత్రి 10:10

పాత చిప్పుల గొప్పతనం గురించి మాత్రం పెన్నాగట్టు గారితో ఒప్పుకుంటా, నేనే దెబ్బ తిన్నాను కాబట్టి. 2021లో బుక్ చేసిన కారు ఎనిమిది నెలలు రాలేదు. ఆ సెప్టెంబరులో హర్యానా, గుజరాత్ ప్లాంట్లలో ఉత్పత్తి మామూలులో 40 శాతానికి పడిపోతుందని మారుతి ముందే ప్రకటించింది. జియోఫోన్ నెక్స్ట్ కూడా వినాయక చవితికి రావాల్సింది దీపావళికి వచ్చింది. కరోనా మొదట్లో కార్ల కంపెనీలు చిప్పుల ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి, ఆ ఖాళీని ల్యాప్‌టాప్‌లు, ఫోన్ల వాళ్లు తీసేసుకున్నారు. మళ్లీ అడిగేసరికి లైన్లో వెనక నిలబడాల్సి వచ్చింది. కార్లకి కావాల్సినవి చాలావరకు పాత టెక్నాలజీ చిప్పులే. లాభం తక్కువని వాటికి కొత్త ఫ్యాక్టరీలు పెద్దగా ఎవరూ కట్టలేదు. 2021 మార్చిలో జపాన్‌లో రెనెసాస్ అనే చిప్పుల కంపెనీ వాళ్ల నాకా ఫ్యాక్టరీ తగలబడటం దీనికి తోడైంది.

అయితే పాతవే చాలు అనుకుంటే కూడా తప్పే. 2017లో టెస్లా మోడల్ 3 కారు ఇన్వర్టర్లో (బ్యాటరీ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే భాగం) సిలికాన్ బదులు సిలికాన్ కార్బైడ్ మాస్‌ఫెట్లు పెట్టారు. ఆన్, ఆఫ్ అయ్యేటప్పుడు వేడిగా పోయే కరెంటు తగ్గింది. అదే బ్యాటరీతో ఎక్కువ దూరం.


కావలి_ఈసీఈ, మంగళవారం రాత్రి 7:30

ఒక సందేహం సార్. మా క్లాసులో అందరూ సాఫ్ట్‌వేర్ అంటున్నారు. చిప్పుల వైపు పోతే మన దగ్గర ఉద్యోగాలు ఉంటాయా? నాన్న కూడా అదే అడుగుతున్నారు.


పెన్నాగట్టు (నెల్లూరు), మంగళవారం రాత్రి 8:40

తమ్ముడూ, నేను ఆ రంగంలో పని చేయట్లేదు, చదివింది చెబుతా. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లో షియోమీ ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. అది ఫోన్లు బిగించే పని. చిప్పు పని వేరు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం గుజరాత్‌లోని ధోలేరాలో టాటా, తైవాన్ చిప్పుల కంపెనీ పీఎస్ఎంసీ కలిసి కట్టే ఫ్యాక్టరీకి ఒప్పుకుంది, 91 వేల కోట్లు. అక్కడ చేయబోయేది 28 నానోమీటర్లు, ఆ పైన. అంటే సరిగ్గా మనం మాట్లాడుకునే బండ్ల చిప్పులు, పవర్ చిప్పులు. 2025 ఆగస్టులో మన రాష్ట్రానికి కూడా ఒక ప్యాకేజింగ్ యూనిట్ ఆమోదించారు, కొరియా కంపెనీ అపాక్ట్ టెక్నాలజీతో, ఏడాదికి 9 కోట్ల 60 లక్షల చిప్పులు. ప్యాకేజింగ్ అంటే అట్ట పెట్టెల్లో సర్దడం కాదని మీ నాన్నకి చెప్పు. గోరంత సిలికాన్ ముక్కకి కాళ్లు అతికించి, వేడి బయటికి పోయే దారి చేసే పని అది.

1989లో మొహాలీ చిప్పుల ఫ్యాక్టరీ తగలబడి మన దేశం ఏళ్లకి ఏళ్లు వెనకబడింది. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. ఇప్పుడు మళ్లీ దారి తెరుచుకుంటుంటే మన కావలి, కందుకూరు పిల్లలు అందులో ఉండాలి. ఐఐటీ మద్రాస్ వాళ్లు రిస్క్ ఫైవ్ అనే, ఎవరైనా ఉచితంగా వాడుకోగల పద్ధతి మీద శక్తి ప్రాసెసర్ చేశారు, దాని కోడ్ అందరికీ తెరిచి ఉంచారు. ఐఐటీ బాంబే వాళ్ల ఈసిమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో సర్క్యూట్లు ఉచితంగా గీసి చూసుకోవచ్చు. 2020లో గూగుల్, చిప్పులు చేసే అమెరికా కంపెనీ స్కైవాటర్ కలిసి 130 నానోమీటర్ల డిజైన్ వివరాలు కూడా ఉచితంగా ఇచ్చారు. ఇవి పట్టుకో. రేపు మాస్‌ఫెట్లు తీసుకెళ్లు, పొట్లం కట్టి ఉంచా.


కావలి_ఈసీఈ, గురువారం రాత్రి 9:25

అన్నా, తీసుకున్నా. లెన్స్ పెట్టి పైన రాతలు చదివి డేటాషీట్ (కంపెనీ ఇచ్చే వివరాల కాగితం) వెతికా. ఈ మాస్‌ఫెట్ 100 వోల్టుల దాకా తట్టుకుంటుందని ఉంది. మీది 72 వోల్టుల బ్యాటరీ, ఎన్ఎంసీ 20 సెల్లులైతే నిండా ఎక్కినప్పుడు 84 వస్తుంది. అంటే మిగిలింది 16 వోల్టులే. ఇంత తక్కువ మార్జిన్‌తో ఎందుకు పెట్టారు? 150 వోల్టులవి వేస్తే పోవు కదా?


సోల్డర్_అన్న (ఒంగోలు), గురువారం రాత్రి 10:05

శభాష్ తమ్ముడూ, రాయాల్సిన పరీక్ష ఇదే. 150 వోల్టులది వేస్తే ఆన్‌లో ఉన్నప్పుడు దాని నిరోధం సాధారణంగా ఎక్కువ, అదే కరెంటుకి ఇంకా వేడెక్కుతుంది. అందుకే 72 వోల్టులకి చాలామంది 100వే వేస్తారు. మిగిలిన 16 వోల్టులని కాపాడాల్సింది పక్కనున్న పెద్ద కెపాసిటర్లు. మాస్‌ఫెట్ సెకనుకి వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంటే ప్రతిసారీ వోల్టేజీ పైకి ఎగురుతుంది, దాన్ని మింగేది కెపాసిటర్. పది డిగ్రీల వేడి పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సగానికి సగం తగ్గుతుందని మా లెక్క. అది ఎండిపోతే ఎగిరిన వోల్టేజీ నేరుగా మాస్‌ఫెట్ మీద పడుతుంది.

పెన్నాగట్టు గారూ, బాగు చేసినప్పుడు బోర్డు ఫోటో తీశారా? ఉంటే పెట్టండి.


పెన్నాగట్టు (నెల్లూరు), గురువారం రాత్రి 10:20

తీశా. ఇదుగో పెడుతున్నా, జిగురు గీకిన తర్వాతది.


సోల్డర్_అన్న (ఒంగోలు), గురువారం రాత్రి 10:41

ఎడమ పక్క మూడు కెపాసిటర్లు చూడండి. మొదటిది, మూడోది తల చదునుగా ఉన్నాయి. మధ్యది పూరీలాగా కొంచెం ఉబ్బింది, తల మీద గీసిన గాటు దగ్గర గోధుమరంగు మరక ఉంది. లోపలి ద్రవం అక్కడి నుంచి బయటికి వచ్చింది. పెద్దాయన పని శుభ్రంగానే చేశాడు, కానీ ఇది వదిలేశాడు. మాస్‌ఫెట్లు పోవడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు. మూడూ మార్పించండి. 105 డిగ్రీల వేడి తట్టుకునేవి, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ) అని అడగండి, వోల్టేజీ 100కి తగ్గకూడదు. అప్పటిదాకా స్పోర్ట్ మోడ్‌లో నడపకండి.


పెన్నాగట్టు (నెల్లూరు), శనివారం మధ్యాహ్నం 12:30

ఇప్పుడే మార్పించుకుని వచ్చా. పెద్దాయనకి ఫోటో చూపిస్తే కళ్లజోడు పైకి తోసి చాలాసేపు చూశాడు. "నా కంట పడలేదు నాయనా" అన్నాడు. మూడు కెపాసిటర్లకి 210 తీసుకున్నాడు, కూలి వద్దన్నాడు, బలవంతంగా ఇచ్చి వచ్చా. ఉబ్బినదాన్ని మీటర్‌లో పెడితే 470 మైక్రోఫారడ్లు చూపించాల్సింది 190 చూపించింది.

కాపలా అన్నా, ఆయన దగ్గర కన్ఫార్మల్ కోటింగ్ డబ్బా ఉంది. మీ స్టార్టర్ బోర్డు తెస్తే పూసిస్తానన్నాడు. వచ్చే ఆదివారం నెల్లూరు వస్తారా?


గుంటలకాపలా (విడవలూరు), శనివారం మధ్యాహ్నం 12:58

వస్తా. నాతో పాటు పక్క గుంటలోళ్లవి ఇంకో మూడు బోర్డులు ఉన్నాయి. అన్నీ ఒకేసారి ఇప్పేస్తే రాత్రికి గుంటలకి దిక్కుండదు, రెండు రెండు తెస్తా. సైరన్ మాత్రం నిన్ననే పెట్టేశా.